తడి బల్ల, పొడి రిపోర్టు

వర్క్‌షాపు, అచ్చుల గది
ఏప్రిల్ 3

మరదలు పిల్లకి,

ఈ పార్సిల్ విప్పగానే ముందు ఉత్తరం చదువు. తర్వాత లోపల చెక్కముక్కల్లాంటివి పన్నెండు ఉంటాయి, వాటి పని పట్టు. ఫోన్ చేయొచ్చు కదా అనకు. కిందటిసారి అక్కడ ల్యాబులో నీ లాగుడు మిషన్ గోల, ఇక్కడ నా గ్రైండరు గోల, ఇద్దరం పావుగంట సేపు "ఆఁ? ఆఁ?" అనుకుని, అందరూ క్షేమమేనని తీర్మానించుకుని పెట్టేశాం. ఎలాగూ పార్సిల్ పంపక తప్పదు కాబట్టి అందులోనే నాలుగు ముక్కలు రాసి పడేస్తున్నాను.

సంగతేమిటంటే, ఆసుపత్రి వెనక కాలువ మీద నడక వంతెన ఉంది కదా. దాని మీద పరిచిన ఇనుప రేకులు తుప్పు పట్టి అప్పడాల్లా అయ్యాయి. పోయిన నెల ఒక నర్సమ్మ కాలు మోకాలి దాకా రేకులోంచి దిగిపోయింది. కాలు తిరిగి వచ్చింది, చెప్పు రాలేదు. అప్పటికి గానీ ఊరి ఇంజినీరుకి మెలకువ రాలేదు. "దూలాలు బాగానే ఉన్నాయమ్మా, మీద పరిచే బల్లలు కావాలి. తుప్పు పట్టకూడదు, ఇద్దరు మనుషులు ఎత్తగలగాలి. చేస్తారా?" అని వచ్చాడు.

చేస్తాం అన్నాను. ఎలా చేస్తామన్నది తర్వాత ఆలోచించాను. నా పద్ధతి నీకు తెలిసిందే. ఫైబర్ ట్యాంకులు చేసుకుని బతికిన వర్క్‌షాపు మనది. ఇప్పుడు ఎవరిని చూసినా ప్లాస్టిక్ ట్యాంకే. ఈ పని రాకపోతే రోలరు పట్టే ముగ్గురు ఆడవాళ్ళనీ ఇంటికి పొమ్మనాలి. నాకెంత నోరుందో నీకు తెలుసు. ఆ మాట అనే నోరు మాత్రం లేదు.

అచ్చంగా గాజు నారతో చేస్తే బల్ల బరువు, చేసేవాళ్ళకి ఒళ్ళంతా దురద. అప్పుడు మీ అన్నయ్యకి ఆలోచన వచ్చింది. రోజుకి ఆరు మాటలు మాట్లాడే మనిషి కదా, ఆ రోజు కోటా అంతా దీని మీదే ఖర్చు పెట్టారు: "పైనా కిందా గాజు. మధ్యలో గోనె." ఐదు. ఆరో మాట "టీ".

అలాగే చేశాం. మధ్యలో జనపనార గుడ్డ ఐదు పొరలు, పైన రెండు, కింద రెండు గ్లాసు మ్యాట్, అన్నిటినీ రెసిన్ జిగురుతో తడిపి అదిమాం. బల్ల బ్రహ్మాండంగా వచ్చింది. నేనెక్కి గెంతాను, ఆగింది. నేను గెంతితే ఆగిన బల్లకి ఇంకా రిపోర్టు దేనికి? అయినా కాగితం లేనిదే కమిటీ ఒప్పుకోదట. లాగితే ఎంత, వంచితే ఎంత, కొడితే ఎంత, తడిస్తే ఎంత, నాలుగూ కావాలట. ఇరవయ్యో తారీఖుకల్లా నా చేతిలో ఉండాలి.

విరగ్గొట్టడం నీకు చిన్నప్పుడే పట్టుబడ్డ విద్య. నేను కాపురానికొచ్చిన వారానికే నా అద్దం విరగ్గొట్టావు. ఇప్పుడు దానికి జీతం కూడా ఇస్తున్నారు, అదృష్టవంతురాలివి.

మీ అమ్మ మోకాళ్ళకి ఆసుపత్రిలో కసరత్తు చేయిస్తున్నారు. నా మీద ఫిర్యాదులు నీకే రాస్తానంది గానీ కళ్ళజోడు కనపడలేదట. దాచింది నేనే.

వదిన


పరీక్షల ల్యాబు, కింది అంతస్తు
ఏప్రిల్ 15

గెంతిన వదినకి,

నీ బరువెంతో రాయకుండా "గెంతాను, ఆగింది" అంటే అది పరీక్ష కాదు, బెదిరింపు. మా పెద్దసారు చూస్తే మూర్ఛపోతారు. ఆయన్ని మేం దశాంశం సారు అంటాం. చుక్క తర్వాత మూడంకెలు లేకపోతే నమస్కారం కూడా తీసుకోరు.

నీ ముక్కల పని పట్టాను. మిషన్ దవడల్లో బిగించి లాగితే ఏమైందో విను. గాజు నార ఎంత లాగినా ఉలకదు పలకదు, ఆఖరికి ఒక్కసారిగా టప్పుమంటుంది. అచ్చం మా అన్నయ్య కోపంలాగా. జనపనార అలా కాదు. మొదటినుంచీ చిటపటలాడుతుంది, పీచుపీచుగా తెగుతూ ఊరందరికీ వినపడేలా మొత్తుకుంటుంది. అది ఎవరిలాగో నేను చెప్పను. తమాషా ఏమిటంటే రెండూ ఒకే బల్లలో ఉంటే విరిగేముందు హెచ్చరిక వస్తుంది. నలుగురు తప్పుకునే వ్యవధి దొరుకుతుంది.

వంపు పరీక్ష ఇంకా బాగా వచ్చింది. బల్లని వంచితే పై పొర నొక్కుకుంటుంది, కింది పొర సాగుతుంది, మధ్యలోది పెద్దగా కష్టపడదు. అందుకని గట్టిది బయటా, తేలికది లోపలా ఉండాలి. ఇది మేం రెండేళ్ళు చదివి పరీక్ష రాసి తెలుసుకున్నాం. అన్నయ్య ఐదు మాటల్లో చెప్పేశాడు. అచ్చంగా గాజుతో చేసిన బల్ల నూరు మోస్తుందనుకో, మీది డెబ్బై ఎనిమిది మోసింది. బరువు మాత్రం ఐదో వంతు తక్కువ. సుత్తి దెబ్బకి గాజు బల్ల పగిలింది, మీది సొట్టపడి ఊరుకుంది.

తడి పరీక్ష కూడా బాగానే ఉంది. రిపోర్టులో ఉంది, చూసుకో. ముద్ర వేయించి ఇందులోనే పెట్టాను.

కమిటీలో నోరు తక్కువ చేసుకో.

మరదలు


వర్క్‌షాపు
మే 28

మా మహారాణికి,

పని మనదే! నెల దాటినా రాయలేదని తిట్టుకుని ఉంటావు. చేతులకి రెసిన్ వదిలితేగా కలం పట్టేది.

కమిటీ గురించి చెప్పాలి. ఐదుగురు కూర్చున్నారు. నలుగురికి బల్ల ఎటువైపు పైకో తెలీదు. ఐదో ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, ఆయనకే అనుమానం. "గోనెసంచితో వంతెనా? రేపు కాగితంతో పడవ చేస్తామంటారు" అన్నాడు. నేను నీ రిపోర్టు ఆయన ముందు పెట్టి, "తడిస్తే ఎంతో కూడా ఉంది చూడండి మాస్టారూ, చుక్క తర్వాత మూడంకెలు" అన్నాను. కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివాడు. "అబ్బో, మూడంకెలే" అని సంతకం పెట్టాడు. పెద్దవాణ్ణి అలా పడగొట్టింది నువ్వే.

నలభై నాలుగు బల్లలు చేశాం. ఐదు వారాలు వర్క్‌షాపులో ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, ముక్కులకి గుడ్డలు కట్టుకునే ఉన్నాం. రోలరు పట్టే పెద్దావిడ అయితే పొర పొరకీ బుడగలు వెతికి, దొరికిన ప్రతి బుడగనీ పేరుపెట్టి తిట్టింది. వంతెన మీద పరిచేటప్పుడు చిన్న ఇబ్బంది వచ్చింది గానీ, ఏదో సర్దుబాటు చేసి బిగించేశాం. అదలా ఉంచు.

నిన్ననే తెరిచారు. ఛైర్మన్ రిబ్బను కత్తిరించి, నాలుగడుగులు వేసి, కిందికి చూసి, వెనక్కి వచ్చేశాడు. ఎత్తంటే భయమట. మీ అమ్మ ఆయన్ని పక్కకి నెట్టి మొట్టమొదట దాటింది. అవతల నిలబడి ఏమందో తెలుసా? "మా కోడలు చేసింది, మా కూతురు చూసింది" అంది. నన్ను మా కోడలు అని నలుగురిలో అనడం పదహారేళ్ళలో ఇదే.

వదిన


ల్యాబు
జూన్ 3

వదినా,

బల్లలు బిగించేటప్పుడు చేసిన సర్దుబాటు ఏమిటి? చివర్లు కోశారా? బోల్టులకి కన్నాలు ఎక్కడ పెట్టారు, వర్క్‌షాపులోనా వంతెన దగ్గరా? కోసిన అంచులకి మళ్ళీ రెసిన్ పూశారా?

అక్కడ వానలు మొదలయ్యాయా?

వెంటనే రాయి.

మరదలు


వర్క్‌షాపు
జూన్ 9

అమ్మాయ్,

ఉత్తరమా అది, పోలీసు పంచనామానా? బాగున్నావా అని లేదు, అమ్మ ఎలా ఉందని లేదు. దశాంశం సారు నీకు పూనాడా ఏమిటి?

ఇక్కడందరం బాగున్నాం. వానలు నాలుగు రోజులుగా పడుతున్నాయి, కాలువ నిండుగా పోతోంది. వంతెన మీద ఎప్పుడు చూసినా జనమే. పొద్దున్నే నర్సులు, తర్వాత మిల్లు ఆడవాళ్ళు, ఆ తర్వాత బడి పిల్లలు. పిల్లలు మధ్యలో ఆగి అందరూ కలిసి ఎగురుతారు, బల్ల ఊగుతుందని. నిజంగానే కాస్త ఊగుతోంది. మొదట్లో అంత ఊగేది కాదు, జనం నడిచీ నడిచీ సర్దుకుంటున్నట్టుంది. మీ అమ్మ కసరత్తుకి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ దాని మీదే.

అంచులకి ఆకుపచ్చ రంగు వేశాం. చూడముచ్చటగా ఉంది.

ఇంకేం అడిగావో మర్చిపోయాను.

వదిన


ల్యాబు, మెట్ల కింద
జూన్ 16

వదినా,

ఈ ఉత్తరం చేరేసరికి నీకు సగం సంగతి తెలిసే ఉంటుంది. పొద్దున్న వర్క్‌షాపుకి ఫోన్ చేశాను. అన్నయ్య ఎత్తాడు. "వంతెన మూసెయ్ అన్నయ్యా" అన్నాను. "ఊఁ" అన్నాడు. "ఇప్పుడే మూసెయ్, ఎందుకో తర్వాత చెప్తాను" అన్నాను. మళ్ళీ "ఊఁ" అని పెట్టేశాడు. ఆ రెండు ఊఁలకి అర్థమేమిటో తెలీక గంట సేపు మెట్ల కింద కూర్చున్నాను.

ఎందుకో ఇప్పుడు చెప్తాను. తడి పరీక్ష నేను చేయలేదు.

ముక్కని ముందు తూచి, నీళ్ళలో వేసి, రోజూ తీసి తుడిచి తూచి, ఇక బరువు పెరగడం లేదన్నప్పుడు విరగ్గొట్టి చూడాలి. నెల పైనే పడుతుంది. నువ్విచ్చింది పదిహేడు రోజులు. "ఇది కుదరదు, కమిటీని ఆగమను" అని రాయాల్సింది. రాయలేదు. అచ్చంగా గాజుతో చేసిన బల్ల పాత రిపోర్టు ఒకటి బీరువాలో ఉంటే, అందులో అంకె తీసుకుని కాస్త తగ్గించి వేసేశాను. ముగ్గురు ఆడవాళ్ళని ఇంటికి పంపాల్సొస్తుందని నువ్వు రాశావు కదా, అందుకే అని నీకు చెబుదామనుకున్నాను. అది సగమే నిజం. మా ఇంటికి పని నా వల్లే వచ్చిందని అనిపించుకోవాలన్న బడాయి మిగతా సగం.

రిపోర్టు పోస్టు చేసిన రోజునే మనసు ఊరుకోక మూడు ముక్కలు బకెట్టులో పడేశాను. నాకు నేను సర్ది చెప్పుకోవడానికి. పదిరోజులకి బరువు పెరిగింది, ఆగిపోతుందిలే అనుకున్నాను. ఇరవై రోజులకీ ఆగలేదు. జనపనారకి నీళ్ళంటే ప్రాణం వదినా. పైనా కిందా గాజు కాపలా ఉంది గానీ, కోసిన అంచు దగ్గర ఎవరూ లేరు. ఆ అంచులోంచి తాగుతూనే ఉంది. తాగి ఉబ్బి, గాజు పొరని లోపలినుంచి పైకి నెట్టింది. నిన్న తీసి చూస్తే అంచు టీలో ముంచిన బిస్కెట్టులా ఉంది. వంచితే నలభై మూడు దగ్గర విరిగింది. డెబ్బై ఎనిమిది మోయాల్సింది.

"కాస్త ఊగుతోంది" అని నువ్వు రాసిన ఉత్తరం, ఆ విరిగిన ముక్క నిన్న ఒకేసారి నా బల్ల మీద ఉన్నాయి. అన్నయ్యకి ఫోన్ చేసి, తర్వాత దశాంశం సారు గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన ఏమన్నదీ ఇప్పుడు రాయలేను.

తిట్టు. ముందు వంతెన మూశారో లేదో ఒక్క ముక్క రాసి, తర్వాత తిట్టు.

నీ మరదలు


వర్క్‌షాపు
జూన్ 19

మూశాం.

ఇంతే రాసి పార్సిల్ చేద్దామనుకున్నాను. నీతో మాట్లాడటం లేదు. ఉత్తరం మాత్రం రాస్తున్నాను, దానికీ దీనికీ సంబంధం లేదు.

పదహారో తారీఖు పొద్దున్న మీ అన్నయ్య నాకొక్క మాట చెప్పకుండా తాడు చుట్ట భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. టీ కూడా తాగలేదు. నాకు అనుమానం వచ్చి వెనకే పరిగెత్తాను. వెళ్ళేసరికి వంతెనకి ఇటు తాడు కట్టేశారు, అటు కడుతున్నారు. మిల్లు కూత వేసే వేళ. రెండు వైపులా వందమంది పోగయ్యారు. "ఏంటయ్యా, మీ అబ్బ సొత్తా?" అని ఒకడు, "పిచ్చి పట్టిందిరా గోనె మేస్త్రికి" అని ఇంకొకడు. ఒకడు తాడు కిందనుంచి దూరబోయాడు. మీ అన్నయ్య వాణ్ణి రెండు చేతులా పట్టుకుని ఎత్తి వెనక్కి పెట్టారు. అప్పుడు మాట్లాడారు. అందరికీ వినపడేలా.

"ఇది నేనే చేశాను. బాగా చేయలేదు. దాటకండి."

నా పెళ్ళినాటి నుంచీ ఆయన నలుగురిలో గొంతెత్తడం చూడలేదు. నాకు భయం వేసింది. ఎందుకో తెలుసా? నువ్వు ఫోన్లో ఏం చెప్పావో నాకప్పటికి తెలీదు. కానీ మేం ఏం చేశామో నాకు తెలుసు.

ఆ దూలాలు కట్టినవాడెవడో గానీ, ఒక చివర నాలుగంగుళాలు తక్కువ కట్టాడు. పందొమ్మిది బల్లలు అక్కడికక్కడే కోశాం. బోల్టుల కన్నాలన్నీ అక్కడే పొడిచాం. అంచులకి పూయాలని మీ అన్నయ్య అన్నారు. ఉన్న రెసిన్ డబ్బా గడ్డకట్టింది, కొత్తది రావడానికి వారం పడుతుంది. మర్నాడే ఛైర్మన్ వస్తాడు. నేనే అన్నాను, "రంగు కొట్టెయ్యండి, ఎవరికి కనపడుతుంది" అని. నువ్వు అడిగిన నాలుగు ప్రశ్నలకీ నా దగ్గర జవాబు ఉంది. మర్చిపోలేదు.

నిన్న ఇంజినీరు వచ్చాడు. "రిపోర్టు బాగుంది కదమ్మా, మూయడమెందుకు?" అన్నాడు. అప్పటికి నీ ఉత్తరం అందింది. "రిపోర్టు తప్పు. బిగింపూ తప్పు" అన్నాను. నమ్మలేదు. ఏడో బల్ల విప్పించి ఒడ్డున రెండు దిమ్మల మీద పెట్టి, నలుగురి బరువుకి సరిపడా పది ఇసుక బస్తాలు వేయబోయాం. ఐదో బస్తాకి లోపల చిటచిటమంది. నువ్వు రాసిన మొత్తుకోలు అదే అనుకుంటాను. ఏడో బస్తాకి బోల్టు కన్నం దగ్గర చీలి కూలబడింది. ఎనిమిదిమంది బడి పిల్లలు ఒకేసారి ఎగిరే బల్ల అది.

తిట్టడానికి వచ్చినవాళ్ళు కూడా తాడు దగ్గరనుంచి వెనక్కి జరిగారు. ఇంజినీరు నుదురు తుడుచుకుంటూ కాలువకేసి చూస్తూ ఉండిపోయాడు.

మీ అమ్మకి చెప్పాను. చెప్పకూడదనే అనుకున్నాను గానీ, నా నోట్లో నువ్వుగింజ నానదు. "అది చూడకుండానే చూశానని రాసిందా?" అంది. అవునన్నాను. "నువ్వు?" అంది. కోసిన సంగతీ, రంగు సంగతీ చెప్పాను. నేను దాచిన కళ్ళజోడు తీసి ఇచ్చాను. ఆవిడ పెట్టుకోలేదు.

ఇద్దరం ఒకే తాను ముక్కలం. అయినా నీ మీద కోపంగానే ఉంది. మన తప్పులు రెండూ సరిగ్గా ఒకే కన్నం దగ్గర కలిశాయి చూడు.

వదిన


ల్యాబు, సామాన్ల గది
జూలై 2

మాట్లాడని వదినకి,

దశాంశం సారుతో ఏం జరిగిందో ఇప్పుడు రాయగలను.

"ఆ అంకె ఎక్కడిది?" అన్నారు. పాత రిపోర్టులోది అన్నాను. "చుక్క తర్వాత మూడంకెలూ అక్కడివేనా?" అన్నారు. "అవి నేనే వేశాను సార్, అందంగా ఉంటుందని" అన్నాను. ఆ మాటకి ఆయన మొహం చూడాల్సింది. అబద్ధం కంటే దానికి చుక్క పెట్టడమే ఎక్కువ నొప్పించింది. "ఉద్యోగం తీసేద్దామనే అనుకున్నాను. నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. అందుకని తీసేయడం లేదు" అన్నారు. ఇంజినీరుకి రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నట్టు ల్యాబు తరఫున ఉత్తరం వెళ్ళింది. నన్ను మిషన్ దగ్గరనుంచి తప్పించి సామాన్ల గదిలో చీటీలు అంటించే పనికి వేశారు. ఏడాది పాటు ఏ కాగితం మీదా నా సంతకం ఉండదు.

వెళ్తుంటే వెనక్కి పిలిచి తాళంచెవి ఇచ్చారు. "బకెట్టు కాదు, తొట్టి వాడు. నీళ్ళ వేడి మారకూడదు" అన్నారు. మీరు మళ్ళీ చేయబోయే బల్లల ముక్కలు వస్తే నేనే నానబెట్టాలి, తూచేటప్పుడు ఆయన పక్కన ఉంటారు.

కొత్త ముక్కలు ఇలా చేయండి. జనపనార గుడ్డని కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెట్టి, బాగా కడిగి, ఎండలో గలగలమనేలా ఆరబెట్టండి. జిడ్డు పోతే రెసిన్ పట్టుకుంటుంది, నీళ్ళకి చోటు తగ్గుతుంది. చేతులకి తొడుగులు లేకుండా ఎవరినీ ముట్టనీయకు. గాజు పొరని పైనా కిందా ఆపేయకుండా, దిండు గలీబులా అంచుల చుట్టూ మడవండి. బల్లల కొలతలు ముందే తీసుకుని ఆ కొలతకే పోత పోయండి, రంపం వంతెన దగ్గరికి తేవద్దు. బోల్టు కన్నంలో ఇత్తడి గొట్టం పెట్టి చుట్టూ రెసిన్ నింపండి.

ఎన్ని రోజులు పడుతుందని అడగకు. అది తాగడం మానేదాకా.

మరదలు


వర్క్‌షాపు
జూలై 20

అమ్మాయ్,

ముక్కలు అందాయని చీటీ వచ్చింది. చీటీ నువ్వే అంటించావా? వంకరగా ఉంది.

ఇక్కడ నా పేరు గోనె ఇంజినీరమ్మ. బజారుకి వెళ్తే ముందే చెప్పేస్తున్నారు, "ఈ సంచీ గట్టిదేనమ్మా, వంతెన చేసుకోవచ్చు" అని. చుట్టూ తిరిగి వెళ్ళాలంటే ముప్పావుగంట. మీ అమ్మని కసరత్తుకి సరుకుల బండిలో సిమెంటు బస్తాల మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్తున్నాను. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడదు. పదహారేళ్ళు ఆవిడ నోరు మూయాలని కోరుకున్నాను, ఇప్పుడు భరించలేకపోతున్నాను.

ముగ్గురు ఆడవాళ్ళకీ జరిగింది చెప్పాను. మానేస్తారేమో అనుకున్నాను. రోలరు పట్టే పెద్దావిడ లేచి, "మేం బుడగలు ఏరింది మీరు రంగు కొట్టడానికా?" అని కడిగేసింది. కడిగి, తొడుగులు వేసుకుని సోడా తొట్టి దగ్గరికి నడిచింది. ఇప్పుడు ఏ బల్ల తయారైనా కింద రెసిన్ ఆరకముందే తన బొటనవేలి ముద్ర వేస్తోంది. "ఇది విరిగితే నన్ను పట్టుకోండి, వీళ్ళని నమ్మకండి" అని.

నీ మీద కోపం తగ్గలేదు. కానీ వేళకి తిను.

వదిన


ల్యాబు
ఆగస్టు 20

వదినా,

ముప్పై ఎనిమిదో రోజు బరువు పెరగడం ఆగింది. మర్నాడూ ఆ మర్నాడూ తూచాం, కదల్లేదు. దశాంశం సారే స్వయంగా మిషన్‌లో పెట్టి వంచారు. ఆరు ముక్కలు.

పొడిగా ఉంటే డెబ్బై ఎనిమిది. నానాక అరవై ఏడు.

తగ్గింది. తగ్గలేదని రాయను. పాతది నలభై మూడు, ఇది అరవై ఏడు, అంతే. అంచులు ఉబ్బలేదు. బోల్టు కన్నం దగ్గర చీలలేదు, విరిగినది నడుమ దగ్గరే, అదీ ముందు బాగా చిటపటలాడి.

ఇంకో సంగతి. బరువు మోస్తూ నెలల తరబడి ఉంటే జనపనార మెల్లగా సాగుతుంది. అందుకని రెండు దూలాల మధ్య ఇంకొకటి వేయించమని సారు రాశారు. ఇంజినీరు ఒప్పుకోకపోతే బల్లలు ఇవ్వకు. ఐదేళ్ళ తర్వాత ఎలా ఉంటుందో మాకు తెలీదు. ఆ మాట కూడా రిపోర్టులో ఒక వాక్యంగా వేశారు: "ఐదు సంవత్సరాల తరువాతి స్థితి తెలియదు." మా ల్యాబులో "తెలియదు" అని అచ్చయిన మొదటి కాగితం ఇదేనట.

సంతకం ఆయనది. కింద చిన్న అక్షరాల్లో "నీటి పరీక్ష చేసినది" అని నా పేరు వేశారు. వద్దన్నాను. "చేశావు కదా" అన్నారు.

మరదలు


వర్క్‌షాపు
సెప్టెంబరు 12

మరదలికి,

నిన్న తెరిచాం. రిబ్బను లేదు, ఛైర్మన్ లేడు. ఇంజినీరు కొత్త దూలం వేయించాకే బల్లలు ఇచ్చాను. ఆ దూలం కోసం నేనెంత మొత్తుకున్నానో జనపనారని అడుగు.

దానికి రెండు రోజుల ముందు ఇసుక బస్తాలతో వంతెన నింపేశాం, మనుషులు నిలబడే చోటల్లా బస్తా. లెక్కల మాస్టారు వచ్చి తనే లెక్కపెట్టాడు, ఎవరినీ నమ్మనన్నాడు. నాకు సిగ్గేసింది గానీ, అదే సరి అనిపించింది. మీ అన్నయ్య నడుంలోతు నీళ్ళలో నిలబడి, బల్లల కింద దారం కట్టి స్కేలుతో చూశారు. రెండు వేళ్ళ మందం దిగింది. బస్తాలు అలాగే ఒక రోజంతా ఉంచి తీశాం. దారం మళ్ళీ మొదటి గీత దగ్గరికి వచ్చింది. మాస్టారు వంగి చూసి, "ఊఁ" అన్నాడు. మీ అన్నయ్య కూడా "ఊఁ" అన్నారు. ఇద్దరికీ స్నేహం కుదిరింది.

నిన్న పొద్దున్న తాళ్ళు విప్పాం. ఎవరూ కదల్లేదు. అటు నర్సులు, ఇటు మిల్లు వాళ్ళు, ఒకరినొకరు చూసుకుంటున్నారు. వాళ్ళని తప్పు పట్టలేం. నేనే నడుద్దామని అడుగు వేయబోతే మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. జూన్ నుంచీ నాతో అన్న మొదటి మాట అప్పుడే అంది.

"ఈసారి నానబెట్టిందా?"

"ముప్పై ఎనిమిది రోజులు, అత్తయ్యా."

"నువ్వు చూశావా?"

"నేను చూడలేదు. అది చూసింది. ఎంత తగ్గిందో కూడా రాసింది."

"తగ్గిందా?"

"తగ్గింది. మనకి కావలసినదాని కన్నా ఎక్కువే ఉంది."

ఆవిడ కర్ర నా చేతికిచ్చి, కమ్మీ పట్టుకుని ఎక్కింది. నేను వెనక వెళ్ళబోతే, "నువ్వక్కడే ఉండు" అంది. ఆ మోకాళ్ళతో ఒక్కో బల్లే దాటుతూ సగం దాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. దారం చూడటానికి మళ్ళీ నీళ్ళలో దిగిన మీ అన్నయ్య తలెత్తి చూశారు.

"అత్తయ్యా! ఏమైంది?" అని అరిచాను.

"ఏమీ కాలేదే. ఎందుకలా అరుస్తావు?" అంది, ఇటు తిరగకుండా. "కాలువ బాగుంది. చూస్తున్నాను."

ఆవిడ అక్కడే నిలబడింది. ఆవిణ్ణి చూసి నర్సులు ఎక్కారు, మిల్లు వాళ్ళు ఎక్కారు, పక్కనుంచి తప్పుకుంటూ పోయారు. ఆవిడ మాత్రం ఎంతసేపటికీ అక్కడినుంచి కదలదే!

వదిన